మొక్కల మాస్టారు: డబ్బా మీది సటైవా, పెరట్లోని గోగు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అబ్బాయి కెనడాలో చదువుతున్నాడు. అక్కడ గంజాయి దుకాణాల్లోనే అమ్ముతారట. మొన్న వీడియో కాల్‌లో ఒక డబ్బా చూపించాడు. దాని మీద ‘జాక్ హెరర్, సటైవా డామినెంట్’ అని ఉంది. ఇది పగటి పూట వాడేది, హుషారు ఇస్తుంది, నిద్ర తెప్పించే ఇండికా వేరు అంటాడు. పైగా నిమ్మ వాసన, పైన్ చెట్టు వాసన అని వర్ణన. మన మల్కన్‌గిరి వైపు వినబడే శీలావతి గంజాయి కూడా ఇదే జాతా? నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దన్న తండ్రి, రాయగడ

జవాబు: కుర్రాడు దాచకుండా చూపించాడు కదా, ముందు కేకలేయకండి. కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి పెద్దవాళ్లకు అది చట్టం ఒప్పుకున్న సరుకే. అయితే వాడు చెప్పిన దాంట్లో సగమే నిజం.

వాసన సంగతి నిజం. గంజాయి ఆడమొక్క పూగుత్తిని భూతద్దం కింద పెట్టి చూస్తే సన్నటి కాడలు, ఒక్కో కాడ కొసన గాజు గుండులాంటి తల కనిపిస్తాయి. మత్తిచ్చే టీహెచ్‌సీకి ముడిరూపం, వాసనిచ్చే టెర్పీన్లు తయారయ్యేది ఆ తలల్లోనే. జాక్ హెరర్‌లో సాధారణంగా టెర్పినొలీన్ పాలు ఎక్కువ. జాజికాయలోనూ అది కొంత ఉంటుంది. పైనీన్ పైన్ చెట్టు జిగురులో ఉండేదే. మిరియాల్లోని కారియోఫిల్లీన్ కూడా ఇందులో ఉంది. మామిడికాయ తొడిమ తుంచగానే చివ్వున చిమ్మే సొనను ఎప్పుడైనా వాసన చూశారా? అందులో ఉండే మిర్సీన్ గంజాయి రకాలు చాలావాటిలో ఉంటుంది. మత్తు వాసనలోనే ఉంటే ఆవకాయ పెట్టే రోజున మన ఇళ్లలో ఒక్కరూ లేచి నిలబడేవారు కాదు!

ఇక పుట్టుక. ఈ రకాన్ని 1990ల్లో నెదర్లాండ్స్ విత్తన వ్యాపారులు తయారు చేసి, గంజాయిని చట్టబద్ధం చేయాలని పోరాడిన ఒక అమెరికన్ పేరు పెట్టారు. ఒక పక్క హేజ్ అనే పొడుగాటి, సన్నాకుల, ఆలస్యంగా పూసే రకం, సటైవా అని పిలిచేది ఇలాంటివాటినే. రెండో పక్క నార్తర్న్ లైట్స్, షివా స్కంక్ అని చెబుతారు. వీటిలో ఇండికా అని పిలిచే, అఫ్ఘాన్ వైపు పొట్టి, వెడల్పాకుల మొక్కల రక్తం ఉంది. అంటే అది కలగలుపు సంకరం. హేజ్ పోలిక ఎక్కువని ‘సటైవా డామినెంట్’ అన్నారు, అంతే. 2021లో కెనడా శాస్త్రవేత్తలు ఇలాంటి రకాల జన్యువులు పరీక్షించి చూశారు. సటైవా, ఇండికా అన్న చీటీలకూ అసలు చుట్టరికానికీ పెద్దగా పొంతన కుదరలేదు. కొద్దిపాటి వాసన పదార్థాల దగ్గర మాత్రం తేడా కనబడింది. కాబట్టి ఆ చీటీని నమ్మితే వాసన వరకే నమ్మాలి.

హుషారా, నిద్రా, గుండెదడా అన్నది ప్రధానంగా టీహెచ్‌సీ మోతాదును బట్టి, మనిషిని బట్టి ఉంటుంది. 2017లో వెలువడిన చికాగో అధ్యయనంలో 7.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ తీసుకున్నవారికి ఒత్తిడి తగ్గింది. 12.5 ఇచ్చినవారికి ఆదుర్దా పెరిగింది. తేడా అయిదు మిల్లీగ్రాములే చూడండి. ఇప్పటి దుకాణం పువ్వులో టీహెచ్‌సీ 15 నుంచి 25 శాతం దాకా ఉండటం మామూలు. తినే బిళ్లలైతే ఎక్కడానికి గంటా రెండు గంటలు పడుతుంది. ‘ఏమీ కాలేదే’ అని ఇంకోటి వేసుకున్నవాళ్లే ఆస్పత్రికి పరుగెడతారు. మీ ఇంటి వంశంలో ఎవరికైనా స్కిజోఫ్రీనియాలాంటి మానసిక జబ్బు ఉంటే అబ్బాయికి తప్పకుండా చెప్పండి. అలాంటివాళ్లకు ఇది మరీ ప్రమాదం. పాతికేళ్లలోపు మెదడు ఇంకా పూర్తిగా ఎదగదు, ఆ మాట కూడా చెప్పండి.

శీలావతి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కాదు, బేరగాళ్ల నోట నడిచే పేరు. దాన్ని ఆ డబ్బాతో పోల్చి లాభం లేదు.

అన్నిటికంటే ముఖ్యం, పండక్కి వచ్చేటప్పుడు ఆ డబ్బా అక్కడే వదిలి రమ్మనండి. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఉంది. కిలోలోపు గంజాయి దొరికినా ఏడాది దాకా జైలు, పదివేల దాకా జుర్మానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ ఉండదు, బెయిలు దొరకడమూ కష్టమే. నాలుగు డబ్బుల కోసం సంచి మోసిన కొండ పల్లెల కుర్రాళ్లు లోపల మగ్గుతుంటే, సంచి ఇచ్చినవాడు దర్జాగా తిరుగుతుంటాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ప్రశ్న: మాస్టారూ, మా పెరట్లో వేసిన గోగు మొక్కల్ని చూసి పక్కింటివాళ్లు గంజాయి అంటున్నారు. పీకేయమంటారా?
– ఒక గృహిణి, గుణుపురం

జవాబు: పీకకండమ్మా. గోగునార మొక్క ఆకు నిజంగానే గంజాయి ఆకులా చీలి ఉంటుంది, చాలామంది పొరబడతారు. గంజాయిలో ఒక్కో చీలికా విడి ఆకులా ఉండి, అన్నీ కాడ కొసన ఒక్కచోట కలుస్తాయి. అంచు రంపంలా ఉంటుంది. గోగులో చీలికలు అడుగున అతుక్కుని ఒకే ఆకుగా ఉంటాయి, కాండం మీద చిన్న ముళ్లుంటాయి. అయినా పక్కింటావిడ నమ్మకపోతే పూసేదాకా ఆగమనండి. లేత పసుపు పువ్వు మధ్యలో ముదురు ఎరుపు మచ్చ వస్తే గోగే. గంజాయి పువ్వుకు అలాంటి సోకులేవీ ఉండవు, ఆకుపచ్చ గుత్తి, అంతే.