బెంగళూరు ట్రాఫిక్‌లో తిరిగే కారుకి ఆయిల్, కూలెంట్ టైముకి మారిస్తే నిజంగా డబ్బు మిగులుతుందా?

మిగులుతుంది, అదీ ఎక్కువగా కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) దగ్గరే. ముందు ఆయిల్ సంగతి: సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర బండి కదలకపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, మీటర్‌లో కిలోమీటర్లు మాత్రం పెరగవు. అందుకే 10,000 కాలేదు కదా అని ఆగకుండా, ఏడాది నిండితే మార్పించేయండి.

కూలెంట్ తగ్గిందని బోరు నీళ్లు మాత్రం పోయకండి. మారతహళ్లిలో మా ఇంటి బకెట్ అంచున పేరుకునే తెల్లటి పొరే రేడియేటర్ లోపలా పడుతుంది. ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీల్) పోయిందంటే, వందల్లో మిగిల్చింది వేలల్లో పోతుంది.

నెలకోసారి పొద్దున్నే, బండి తీయకముందు డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) తుడిచి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే అందులో కూలెంట్ కలుస్తోందేమోనని అనుమానించాలి. స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని పిలవండి. వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తీయొద్దు, మరుగుతున్న నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి.