మిక్చర్ స్క్రూ తిప్పినా తేడా లేదంటే కార్బురేటర్‌లో ప్యాకింగు చూడండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. పాత అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, సోలెక్స్ కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం). విశాఖపట్నంలో కార్బురేటర్ విప్పించి కొత్త కిట్టు (ముక్కల మధ్య సందు మూసే పలచని ప్యాకింగులు, చిన్న విడిభాగాల సెట్టు) వేయించి కోరాపుట్ తెచ్చుకున్నారు. సాలూరు ఘాట్ దర్జాగా ఎక్కింది. సుంకి చెక్‌పోస్టు దగ్గర యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ఆగిపోయింది. అప్పటి నుంచి పెట్రోలు పాలు పెంచే చోక్ లాగితే తప్ప స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, ఇంజన్ నిలవడం లేదు. స్లోలో వెళ్లే మిశ్రమాన్ని సర్దే మిక్చర్ స్క్రూ ఎటు తిప్పినా మార్పు లేదు.

జయపురంలో మా నాన్నగారి అంబాసిడర్‌కు అచ్చం ఇదే జబ్బు వచ్చింది, అదీ కొత్త కిట్టు వేయించిన వారంలోనే. కాబట్టి కొంచెం ధైర్యంగానే రాస్తున్నాను.

బండి ఘాట్ ఎక్కిందంటే పెట్రోలు పంపు, ఫ్లోటు, మెయిన్ జెట్టు (బండి పరుగెత్తేటప్పుడు పెట్రోలు వదిలే సన్నని రంధ్రపు ముక్క), ఇగ్నిషన్ దాదాపు బాగున్నట్టే. వాటిని మళ్లీ కెలకనివ్వకండి. స్లోలో ఉన్నప్పుడు ఇంజన్‌కు మెయిన్ జెట్టుతో పనిలేదు. త్రాటిల్ ప్లేటు (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే బిళ్ల) మూసుకుని ఉంటుంది కాబట్టి పెట్రోలు వేరే సన్నని దారి పడుతుంది. స్లో జెట్టు గుండా వచ్చి, మధ్యలో కొంత గాలి కలుపుకుని, ప్లేటుకు దిగువన ఉన్న చిన్న రంధ్రంలోంచి బయటికొస్తుంది. మిక్చర్ స్క్రూ మొన కూర్చునేది ఆ రంధ్రంలోనే. ఆ స్క్రూను పూర్తిగా మూస్తే, నడుస్తున్న ఇంజన్ ఆగిపోవాలి. మూసినా తెరిచినా ఒకేలా ఉందంటే ఆ దారిలో పెట్రోలు రావడం లేదు, లేదా ఇంజన్ ఇంకో దారిలో తాగుతోంది.

ఆ ఇంకో దారిని చాలాసార్లు మనమే తెరుస్తాం. ఇంజన్ ఆగిపోతోంది కదా అని ఆ ప్లేటు ఎంత తెరిచి ఉండాలో నిలిపే త్రాటిల్ స్క్రూను బిగించుకుంటూ పోతే ప్లేటు ఎక్కువ తెరుచుకుంటుంది. ప్లేటు అంచు పక్కనే ఉండే బైపాస్ రంధ్రాలు పని మొదలుపెడతాయి. ఇక మిక్చర్ స్క్రూ మాట వినేవాడు ఉండడు. అందుకని ముందు త్రాటిల్ స్క్రూను పూర్తిగా వదులు చేయండి. అది లివర్‌కు తగిలీ తగలనట్టు ఉన్న చోటి నుంచి ఒక్క చుట్టు బిగించండి. మిక్చర్ స్క్రూను వేళ్ల బలంతోనే నెమ్మదిగా మూసి, ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పండి. స్క్రూడ్రైవర్‌తో బిగదీస్తే మొన మీద ఉంగరంలా గీత పడుతుంది, ఆ తరువాత అది సరిగ్గా సర్దుబాటు కాదు. బయటికి తీసినప్పుడు మొన విరిగి లోపల ఉండిపోలేదు కదా అని కూడా చూడండి.

కోరాపుట్ ఎత్తు వల్లనేమో అని అడిగారు. మీ ఊరు సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, నిజమే. కానీ ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి పలచబడి మిశ్రమంలో పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. మీ బండికి ఉన్నది దీనికి సరిగ్గా ఎదురు జబ్బు. చోక్ లాగితే నిలుస్తోందంటే దానికి పెట్రోలు చాలడం లేదు. ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు మిశ్రమాన్ని కొంచెం పలచన చేసే మాట వాస్తవమే గానీ, అలాంటి తేడా అర చుట్టుతో సర్దుకుంటుంది. ఈ మధ్య బండికి ఏ రోగమొచ్చినా ఇథనాల్ మీదే తోసేయడం ఒక అలవాటైంది. పాత రబ్బరు డయాఫ్రమ్‌లను అది పాడుచేస్తుంది, అందులో అనుమానం లేదు. కార్బురేటర్ విప్పి బిగించిన రోజునే మొదలైన జబ్బుకు మాత్రం కారణం ఆ విప్పి బిగించడంలోనే వెతకాలి.

మా బండి విషయానికొస్తాను. మాది మూడు ముక్కలుగా విడిపోయే రకం సోలెక్స్. స్లో జెట్టు తీసి చూస్తే శుభ్రంగానే ఉంది. వెలుతురుకు పెడితే రంధ్రం గుండ్రంగా కనిపిస్తోంది. మధ్య భాగాన్నీ కింది భాగాన్నీ విడదీసి నడుమ ఉన్న కొత్త ప్యాకింగును తీశాక గుట్టు బయటపడింది. ప్యాకింగు మీద ఒకచోట మిరియపు గింజంత గుండ్రటి అచ్చు పడి ఉంది, దాని చుట్టూ పెట్రోలు తడి. మధ్య భాగంలో స్లో పెట్రోలు దిగే రంధ్రం సరిగ్గా ఆ అచ్చుకు ఎదురుగా ఉంది. ప్యాకింగులో ఆ చోట రంధ్రమే లేదు! ఒకే కిట్టును రెండు మూడు రకాల సోలెక్స్‌లకు సరిపోతుందని అమ్మారు, మాది వాటిలో చేరలేదు. పాత ప్యాకింగు ముక్కలు ఇంకా పారేయలేదు కాబట్టి, పక్కన పెట్టి పోల్చి, పదునైన గుండ్రటి పంచ్‌తో రంధ్రం చేశాం. చాకుతో పొడిస్తే పీచు లేచి మళ్లీ ఆ దారికే అడ్డం పడుతుంది. బిగించాక బండి స్లోలో నిలిచింది, స్క్రూ తిప్పితే ఇంజన్ మాట విన్నది.

కాబట్టి ముందు ప్యాకింగులన్నీ తీసి, ప్రతి రంధ్రానికీ ఎదురుగా రంధ్రం ఉందో లేదో చూడండి. జెట్టు తీసిన చోట కార్బ్ క్లీనర్ కొడితే అది మిక్చర్ స్క్రూ రంధ్రం నుంచి కిందికి రావాలి. రాకపోతే గాలి కొట్టించండి. ఇనుప తీగ పెట్టి పొడవవద్దు, జెట్టు కొలత మారిపోతుంది.

విప్పినప్పుడే త్రాటిల్ ప్లేటును కూడా వెలుతురుకు ఎత్తి చూడండి. దాని అంచులు ఏటవాలుగా చెక్కి ఉంటాయి. తిరగేసి బిగిస్తే పూర్తిగా మూసుకోదు, ఒకవైపు చంద్రవంకలా వెలుగు కనిపిస్తుంది. అలా ఉంటే రెండు స్క్రూలు వదులు చేసి, ప్లేటును సరైన వైపు పెట్టి, మూసి సర్దుకోనిచ్చి బిగించండి. ఆ స్క్రూల కొనలను తప్పకుండా కొద్దిగా నొక్కి చదును చేయించాలి. ఊడితే నేరుగా ఇంజన్‌లోకి పోతాయి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా నిలవకపోతే ఎక్కడో బయటి గాలి లాగుతోంది. చాలామంది జాయింట్ల మీద క్లీనర్ కొట్టి చూస్తారు. ఈ ఇంజన్‌లో కార్బురేటర్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపున, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వేడి గొట్టం మీద పడితే అంటుకుంటుంది, ఆ పని వద్దు. సబ్బు నీళ్లు చాలు. కారుతున్న చోట తడి పడగానే ఇంజన్ శబ్దం మారుతుంది. కార్బురేటర్ అడుగు అంచు, డెల్కోకు (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు) వెళ్లే వాక్యూమ్ గొట్టపు రబ్బరు కొనలు, త్రాటిల్ షాఫ్ట్ రెండు చివరలు చూడండి. నట్లు అతిగా బిగిస్తే కార్బురేటర్ చెవులు (నట్లు పట్టే అడుగు అంచులు) వంగుతాయి. గాజు పలక మీద ఎమరీ కాగితం పరిచి రుద్దితే సమమవుతుంది. షాఫ్ట్ చేతికి ఊగుతుంటే కిట్టు వల్ల ఉపయోగం లేదు. మంచి లేతు పనివాడి చేత బుష్‌లు వేయించాల్సిందే.

డెల్కోలోని పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో ఒకసారి చూసుకోండి, అంతకుమించి అటువైపు వెళ్లే పనిలేదు. ప్యాకింగు తీశాక అనుమానంగా ఉంటే, దాన్ని మధ్య భాగం మీద పెట్టి పై నుంచి ఒక ఫోటో తీసి పంపండి, ఏ రంధ్రం మూసుకుందో చెబుతాను.