అమ్మలూ, ఇడియమ్స్ బట్టీ పట్టకు

అమ్మలూ,

ఆఫీసులో వాళ్ళు వాడే ఇంగ్లీషు ఇడియమ్స్, అదే జాతీయాలు, అర్థం కావట్లేదని, రోజుకు ఇరవై చొప్పున బట్టీ పడుతున్నానని రాశావు. అంత టెన్షన్ వద్దు. 'నీళ్ళు నమలడం' అంటే ఏమిటో నీకెవరూ బట్టీ పెట్టించలేదు కదా! మాట పెగలని మనిషి కళ్ళ ముందు కనిపించాడు, అర్థమైపోయింది. ఇంగ్లీషూ అలాగే నేర్చుకో. రోజుకు ఒక్కటి చాలు. దాని వెనకున్న బొమ్మ కనిపించేదాకా వదలకు.

ఇంగ్లండు వాళ్ళు ఓడల మీద తిరిగిన జనం. వాళ్ళ మాటలు చాలావాటికి బొమ్మ సముద్రంలోనే దొరుకుతుంది. 'టేకెన్ అబ్యాక్' తీసుకో. గాలి ఉన్నట్టుండి ఎదురు తిరిగితే తెరచాపలు వెనక్కి, కొయ్య మీదికి ఒత్తుకుపోతాయి. సాగుతున్న ఓడ ఆగిపోతుంది. ఊహించని మాట విన్న మనిషికి జరిగేదీ అదే. అందుకే నోట్‌బుక్‌లో ఉత్త 'ఆశ్చర్యం' అని రాసుకోకు. ఆ కుదుపు కూడా రాసుకో.

మీరు రోజూ అనే 'డెడ్‌లైన్' గురించి తెలిసిన రోజు నాకు సరిగా నిద్ర పట్టలేదు. 1864లో, అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా, జార్జియాలోని ఆండర్సన్‌విల్ ఖైదీల శిబిరంలో గోడకు కాస్త లోపలగా ఒక తేలికపాటి కంచె కట్టారు. దాని పేరే డెడ్‌లైన్. దాటితే కాపలావాళ్ళు కాల్చేసేవాళ్ళు. ఆ శిబిరంలో దాదాపు 13 వేలమంది పోయారు, ఎక్కువమంది రోగాలతో, ఆకలితో. పత్రికలవాళ్ళు గడువు అనే అర్థంలో ఆ మాట వాడుకలోకి తెచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో.

ఒక్క విషయంలో జాగ్రత్త. ఇంటర్నెట్‌లో కట్టుకథలు చాలా ఉన్నాయి. 'సేవ్డ్ బై ది బెల్' అంటే చివరి క్షణంలో గండం తప్పడం. ఆ మాట ఎలా పుట్టిందంటే, బతికుండగానే పాతిపెట్టిన మనిషి శవపేటికలోంచి గంట మోగించడమని చెబుతారు. చాలా ఏళ్ళు నేనూ పిల్లలకు అదే చెప్పాను. తప్పని తెలిశాక ఎంతో బాధపడ్డాను. అది బాక్సింగ్ మాట. ఆ రోజుల్లో, కింద పడ్డవాడికి పది లెక్కపెట్టేలోపు రౌండు ముగిసే గంట కొడితే వాడు ఓటమి నుంచి బతికిపోయేవాడు. కథ ఎంత బాగుంటే అంత అనుమానించు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ఆ మాట మొదట ఏ సంవత్సరంలో, ఏ సందర్భంలో అచ్చయిందో ఉంటుంది. ముందు అది చూడు.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు 'త్రీ షీట్స్ టు ది విండ్' అని తాగినవాణ్ణి ఎందుకంటారో నువ్వే నాకు చెప్పాలి. ఓడలో షీట్ అంటే గుడ్డ కాదు, తెరచాప మూలను లాగి పట్టే తాడు. అక్కడి నుంచి ఆలోచించు.

మీ మావయ్య