నలుగురి పడవ ఎక్కనంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఆదివారాలు విజయవాడ వెళ్లి కృష్ణలో కయాకింగ్ ప్రాక్టీస్ చేస్తుంది. ఒక్కరే నడిపే పడవలో తన బ్యాచ్‌లో ఎప్పుడూ ఫస్టే. ఇప్పుడు కోచ్ నలుగురి పడవలో మూడో సీటు ఇచ్చారట. ‘నన్ను కావాలనే వెనక్కి నెట్టారు’ అని అలిగి కూర్చుంది. గోడ మీద హంగరీ క్రీడాకారిణి దనుతా కొజాక్ ఫొటో ఉంటుంది. ఆవిడలా సింగిల్స్‌లోనే గెలవాలంటుంది. దీనికి ఎలా నచ్చజెప్పాలి?
- ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు నచ్చజెప్పక్కర్లేదు. ఆ ఫొటోలో ఉన్నావిడ పతకాలు లెక్కపెట్టమనండి, చాలు. కొజాక్‌కి ఒలింపిక్ స్వర్ణాలు ఆరు. అందులో సింగిల్స్‌వి రెండే: 2012 లండన్, 2016 రియో. ఒకటి ఇద్దరి పడవలో వచ్చింది. మిగతా మూడూ మీ అమ్మాయి వద్దంటున్న నలుగురి పడవలోవే.

అసలు ఆవిడ ఒలింపిక్ పతకాల ఖాతా తెరిచిందే ఆ పడవలో. 2008 బీజింగ్, అప్పటికి 21 ఏళ్లు. పక్కన కతలిన్ కొవాచ్, నటాషా యానిచ్, గాబ్రియెల్లా సాబో. కొవాచ్, యానిచ్ అప్పటికే ఏథెన్స్ ఒలింపిక్ విజేతలు. అలాంటివాళ్ల మధ్య కూర్చుని, వాళ్ల లయలో తెడ్డు వేసి రజతం తెచ్చుకుంది. నాలుగేళ్లకి లండన్‌లో 500 మీటర్లు సింగిల్‌గా 1 నిమిషం 51 సెకన్లలో పూర్తి చేసి గెలిచింది. కొవాచ్ సంగతి కూడా చెప్పండి. సింగిల్స్‌లో ఎన్నోసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మనిషి. ఆవిడ మూడు ఒలింపిక్ స్వర్ణాలూ తోడుగా నడిపిన పడవల్లోనే వచ్చాయి.

మూడో సీటంటే వెనక్కి నెట్టడం కాదు తల్లీ. ముందు కూర్చున్నమ్మాయి లయ ఇస్తుంది, పాదాలతో చుక్కాని తిప్పుతుంది. రెండో అమ్మాయి ఆ లయ తప్పకుండా వెనక్కి అందించాలి. పడవకి అసలు బలం మధ్య సీట్ల నుంచే రావాలి, అందుకే బలమున్న పిల్లల్ని చాలామంది కోచ్‌లు అక్కడ కూర్చోబెడతారు. నేనూ అంతే చేస్తాను. నలుగురి పడవ 11 మీటర్లు ఉంటుంది. అందులో ఒక్కరు తెడ్డు ఒక క్షణం ముందు ముంచినా పడవ కుదుపుతుంది, పక్కకి ఊగుతుంది, ఆ ఊపు ఆపుకోవడానికే మిగతా ముగ్గురి బలం పోతుంది. కోలాటంలో ఒక్క కర్ర తప్పితే వరసంతా చెదిరినట్టే. సింగిల్స్‌లో తన బలం తన ఇష్టం. ఇక్కడ అదే బలాన్ని ముందున్న వీపు చూస్తూ, ఆ భుజం కదలగానే వాడాలి. నా దగ్గర చాలా గట్టి పిల్లలు కూడా మొదట్లో ఇక్కడే తడబడతారు. రెండు మూడు నెలలు దాటాక వాళ్లు మళ్లీ సింగిల్ ఎక్కితే తెడ్డు నీళ్లలో పడే తీరే మారిపోతుంది.

రియోలో కొజాక్ చేసింది చూడండి. ఆగస్టు 16న సాబోతో ఇద్దరి పడవలో స్వర్ణం. 18న సింగిల్స్ స్వర్ణం. 20న నలుగురి పడవలో స్వర్ణం. ఒక్కో ఫైనల్‌కి ముందు రోజు మళ్లీ హీట్స్ (అర్హత పోటీలు). అంటే రోజు మార్చి రోజు పడవ మారింది, సీటు మారింది, తోటివాళ్లు మారారు. ఒకే ఒలింపిక్స్‌లో ఆ మూడూ గెలిచిన మొదటి మహిళ ఆవిడే. 2024 పారిస్‌లో న్యూజిలాండ్ లీసా కారింగ్టన్ కూడా అది సాధించింది.

నాకు మాత్రం రియో కన్నా టోక్యోనే గొప్పగా అనిపిస్తుంది. మధ్యలో బిడ్డను కన్నది, మళ్లీ ఒళ్లు తయారు చేసుకుంది, 34 ఏళ్ల వయసులో నలుగురి పడవలో స్వర్ణం, ఇద్దరి పడవలో కాంస్యం. ‘పెళ్లయ్యాక ఈ ఆటలెందుకు’ అనే చుట్టాలు మీకూ ఉంటారు కదమ్మా, వాళ్లకి ఈ ముక్క వినిపించండి.

ప్రశ్న: కయాక్, కెనూ ఒకటేనా?
- డిగ్రీ విద్యార్థి, పటమట

జవాబు: కాదు బాబూ. కయాక్‌లో కాళ్లు చాచి కూర్చుంటారు, తెడ్డుకి రెండు వైపులా రెక్క. కెనూలో ఒక మోకాలు ఆనించి, ఒకే రెక్క తెడ్డుతో ఒక పక్కే వేస్తారు. పోటీల పట్టికలో కె, సి అక్షరాలు చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా బాబుకి పన్నెండేళ్లు. ఈ వర్షాకాలమే కయాకింగ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం. చేర్చవచ్చా?
- ఒక తండ్రి, భవానీపురం

జవాబు: ఇప్పుడు ఈత నేర్పించండి. ఈత బాగా రాకుండా నేను ఎవరినీ పడవ ఎక్కనివ్వను, లైఫ్ జాకెట్ ఉన్నా సరే. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారంటే పైన నీటి లాగుడు పెద్దవాళ్లకే కష్టం, ప్రాక్టీస్ ఆపేస్తాం. వరదతో కొట్టుకొచ్చే గుర్రపు డెక్క చుక్కానికి చుట్టుకుంటే పడవ అసలు మాట వినదు. వరద తగ్గి నీళ్లు తేటపడ్డాక, పొద్దున్నే గాలి లేవకముందు తీసుకురండి. మొదట వెడల్పాటి పడవే ఇస్తాం. ‘రేసు పడవ ఇవ్వలేదేం’ అని బాబు గొడవ చేస్తే మీరు కాస్త సర్దిచెప్పాలి.