‘ఝారు’ మూలం పట్టుకోవడం ఎలా?

చిరంజీవికి ఆశీస్సులు.

ఆదిమ స్లావిక్‌లో (రష్యన్, పోలిష్, సెర్బియన్‌లాంటి భాషల తల్లి) వేడికి చెప్పే *ఝారు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చాలంటున్నావు. ముందున్న నక్షత్రం గుర్తు మరిచిపోకు, అది రాతలో దొరికిన మాట కాదు, లెక్కగట్టింది. ‘ఝ’ని ‘ట్రెజర్’లో మధ్య ధ్వనిలా పలుకు.

ముందు స్లావిక్ మూడు కొమ్మల్లోంచీ (తూర్పు, పడమర, దక్షిణం) మాటలు ఏరుకో. రష్యన్ ‘ఝార్’ అంటే వేడి, ఒళ్లు కాలడం కూడా. పోలిష్‌లో సెగ, కణకణలాడే నిప్పులు. సెర్బియన్‌లో నిప్పుకణికలు. అందుకే అర్థం దగ్గర ఉత్త ‘వేడి’ అనక ‘నిప్పుల సెగ’ అని రాసుకో. పోలిష్‌లో బల్బుని ‘ఝారూఫ్కా’ అంటారు. పుట్టుక దీన్నుంచే గానీ నిన్నమొన్నటి మాట, సాక్ష్యానికి పనికిరాదు.

కిటుకంతా మొదటి అక్షరంలో ఉంది. ‘కాలు, మండు’ అనే అర్థంలో స్లావిక్‌లోనే *గొరేతి ఉంది. ఒకే ధాతువు, ఒకచోట గ, ఒకచోట ఝ. ఎ, ఇ లాంటి అచ్చుల ముందు గ మెత్తబడి ఝ అయింది. ఒ ముందు అలాగే నిలిచింది. మరి *ఝారులో ఉన్నది ‘ఆ’ కదా అంటావు. అది తర్వాత వచ్చింది: *గేర్- → *ఝేర్- → *ఝార్-. ఏ ముందే ఆ అయిందంటూ ఈ వరస తిరగేస్తే *గార్- తేలుతుంది, ఝ ఎలా వచ్చిందో చెప్పలేక ఇరుక్కుంటావు. ‘ఏ’ దీర్ఘమే ఉండాలి, హ్రస్వమైతే *ఝెర్- అయ్యేది. సంస్కృతంలో ధాతువు అచ్చు సాగడాన్ని వృద్ధి అంటామే, ఆ తరహా.

ఇక స్లావిక్ బయటికి రా. స్లావిక్, సంస్కృతం, గ్రీకు, లాటిన్ అన్నిటికీ మూలమైన ఇండో-యూరోపియన్‌లో ధాతువు *ఘ్వెర్-. గ్రీకు ‘థెర్మోస్’, లాటిన్ ‘ఫోర్ముస్’, సంస్కృత ‘ఘర్మ’, లిథువేనియన్ ‘గరస్’ (ఆవిరి) అన్నీ దీనివే. థ, ఫ, ఘ, గ చూసి కంగారుపడకు, ఏ భాషకు ఆ భాషలో మార్పు నియమబద్ధమే. మన ఘర్మజలం, థర్మామీటర్, పారసీ నుంచి వచ్చిన గరం మసాలాలోని గరం కూడా ఆ ఇంటివే. అయితే తెలుగులో ఇవి అరువు మాటలు, తెలుగును సాక్షుల వరసలో నిలబెట్టకు.

అందరూ జారిపడేది ‘జ్వరం’ దగ్గర. రష్యన్ ఝార్‌కీ జ్వరమనే అర్థముంది, వినికిడీ దగ్గరే. కానీ సంస్కృతంలో వ ముందున్న ఆ జ స్లావిక్‌లోకి వస్తే ‘జీరో’లోని జ కావాలి, ఝ కాదు. కొట్టేయి.

రష్యన్ ‘తెప్లో’ (వెచ్చదనం) మన తాపం, తపస్సుల వైపుది. దానికి వేరే కాగితం పెట్టు.