కూల్‌డ్రింకు, మిక్చరు మానేసినవాళ్లున్నారా? సాయంత్రమయ్యేసరికి ప్రాణం లాగేస్తుంటే ఏం చేశారు?

మధ్యాహ్నం దాకా నిగ్రహంగానే ఉంటాననీ, నాలుగు దాటాక చెయ్యి దానంతటదే కూల్‌డ్రింకు మీదికీ చిప్స్ ప్యాకెట్ మీదికీ పోతోందనీ మీ ప్రశ్నలో రాశారు. నాదీ సరిగ్గా అదే టైమండి. కాకినాడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. మూడున్నరకి బుకింగుల హడావిడి తగ్గేది. నాలుగూ పదికల్లా కింద కిళ్లీ కొట్టు కుర్రాడు 600 మి.లీ. సీసా, ఇరవై రూపాయల మిక్చరు ప్యాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టేసేవాడు. అడగాల్సిన పని కూడా లేదు. రాత్రి ఏడింటికి మళ్లీ ఇంకో జత. అలా ఆరేళ్లు గడిచాయి.

మానడానికి కారణం పెద్దదేం కాదు. ఆఫీసులో ఎవరో హెల్త్ క్యాంపు పెడితే బీపీ 148/94 వచ్చింది, మూడు నెలల సరాసరి షుగరు (హెచ్‌బీఏ1సీ) 6.1 అన్నారు. డాక్టరుగారు "కూరల్లో ఉప్పు తగ్గించండి, మూడు నెలలయ్యాక మందుల సంగతి చూద్దాం" అన్నారు. మా ఇంట్లో కూరల్లో ఉప్పు ఎప్పుడూ తక్కువే. మిక్చరు గురించి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

మొదటిసారి రెండూ ఒకేసారి మానేశాను. రెండో రోజు సాయంత్రానికి తల పగిలిపోయింది, కళ్ల వెనకాల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు. షుగరు పడిపోయిందేమోనని భయపడి అర సీసా తాగాను. అరగంటలో నొప్పి మాయం. ఇంకేముంది, ఇది నా ఒంటికి కావాల్సిందేనని తీర్మానం చేసేసుకున్నాను! అసలు సంగతి కెఫీన్ అని తర్వాత తెలిసింది. నల్ల కూల్‌డ్రింకుల్లో 100 మి.లీ.కి దాదాపు 10 మి.గ్రా. ఉంటుంది. రోజుకి రెండు సీసాలంటే ఒక కప్పు కాఫీకి పైమాటే. ఉన్నట్టుండి ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లో తలనొప్పి, చిరాకు మొదలవుతాయి, వారం పది రోజుల్లో వాటంతటవే సర్దుకుంటాయి. ఇది ముందే తెలిసుంటే ఆ అర సీసా తాగేవాణ్ణి కాదు. రెండోసారి మొదలుపెట్టినప్పుడు నాలుగింటికి చిన్న కప్పు ఫిల్టర్ కాఫీ తాగాను, పంచదార అర చెంచా. తలనొప్పి రాలేదు. మీరు తాగేది నల్లదైతే ముందు ఈ ఏర్పాటు చేసుకోండి.

తర్వాత అర్థమైంది ఏంటంటే, ఇవి రెండూ జంట దొంగలు. ఉప్పు తింటే దాహం, దాహానికి సీసా, తీపి తాగాక మళ్లీ నోటికి ఉప్పగా ఏదో ఒకటి కావాలి. చాలామంది ముందు కూల్‌డ్రింకు మానమంటారు. నా మాట అడిగితే ముందు మిక్చరు మానండి. నేను ఏడింటి ప్యాకెట్ ఆపిన వారంలోనే ఏడింటి సీసా దానంతటదే పోయింది. మానాలని అనుకోను కూడా అనుకోలేదు, గుర్తే రాలేదు అంతే.

నాలుగింటి సీసా మాత్రం మొండిది. దాని మీద మోజు తీరింది మాత్రం ఒక కరెంటు కోతవల్ల. సగం తాగిన సీసాని సొరుగులో పెట్టి మర్చిపోయాను. మర్నాడు మే నెల ఎండ, ఫ్యాను లేదు, పిసినారితనం కొద్దీ దాన్నే స్టీలు గ్లాసులో వంపుకున్నాను. గ్యాసు లేదు, చల్లదనం లేదు, గోరువెచ్చగా ఉంది. ఒక గుక్క వేస్తే బూరెల పాకం! పెదాలు ఒకదానికొకటి అంటుకున్నాయి. అందులో కొత్తగా ఎవరూ ఏమీ కలపలేదు, నేను రోజూ తాగేదే. చల్లదనం తీపిని అణిచేస్తుంది, గ్యాసు పులుపు మిగతాది కప్పేస్తుంది, అందుకే నాలుకకి తెలియదు. ఆ సీసా మీద 100 మి.లీ.కి పదిన్నర గ్రాముల పంచదార అని ఉంది. అంటే 600 మి.లీ. సీసా మొత్తానికి 60 గ్రాములు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మంచి హద్దు రోజుకి 25 గ్రాములు. లెక్కలు రాసేవాణ్ణే, ఆరేళ్లలో ఆ సీసా వెనక్కి తిప్పి చదివింది లేదు.

మాది రామచంద్రపురం పక్కన పల్లెటూరు. వందేళ్లు దాటిన అక్కడి కూల్‌డ్రింకు ఆర్టోస్ మాకు ఇంటి సరుకు లాంటిది. అయినా చిన్నప్పుడు చుట్టాలొస్తేనే సీసా తెచ్చేవారు, పిల్లలందరికీ చిన్న గ్లాసుల్లో తలా కాస్త పోసేవారు. నలుగురం పంచుకున్న సీసాని పెద్దయ్యాక ఒక్కణ్ణే, అంతకి రెట్టింపుది, రోజుకి రెండు!

ఇక ఆ లాగుడు సంగతి. కిళ్లీ కొట్లో నాకు ఖాతా ఉండేది. పుస్తకంలో "లెక్కల బాబుగారు" అని రాసి కింద నిలువు గీతలు. నెలాఖరుకి చూస్తే మూడు వేల పైచిలుకు. ఆ ఖాతా మూయించేశాను, కుర్రాణ్ణి పైకి రావద్దన్నాను. కావాలంటే నేనే మెట్లు దిగి, డబ్బులిచ్చి తెచ్చుకోవాలి. బద్ధకం ఇంత మేలు చేస్తుందని నాకు తెలియదు. ఆ టైములో గోడౌన్ వైపు వెళ్లి మూటలు లెక్క చూసేవాణ్ణి. ఒకరోజు గడియారం పెట్టి చూశాను, యావ మొదలైనప్పటి నుంచి తగ్గేదాకా పదకొండు నిమిషాలు. మర్నాడు పద్నాలుగు. అంతకుముందు అది తాగేదాకా వదలదనుకునేవాణ్ణి.

నోటికి ఏదో ఒకటి ఆడాలి కదా. క్యారెట్ ముక్కలు తినమని మా మరదలు చెప్పింది, రెండు రోజులు తిని నామీద నాకే జాలేసింది. మఖానా వేయించి పెట్టారు, ఉప్పు చల్లకపోతే థర్మోకోల్, చల్లితే మిక్చరుకి తమ్ముడు. నాకు పనికొచ్చింది ముంత మసాలా. మరమరాలు, ఉప్పు లేకుండా వేయించిన పల్లీలు, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, మీద అరచెక్క నిమ్మకాయ పూర్తిగా పిండాలి. పులుపూ కారం దండిగా ఉంటే ఉప్పు తక్కువైన సంగతి నాలుక పట్టించుకోదు. కలిపిన వెంటనే తినేయాలి, మెత్తబడితే మళ్లీ ప్యాకెట్టే గుర్తొస్తుంది.

సోడా బండి దగ్గర ఇంకో తమాషా. "స్వీటా, సాల్టా, రెండూ కలిపా?" అన్నాడు బండాయన.

"రెండూ వద్దు బాబాయ్, నిమ్మకాయ ఒక్కటి పిండు."

నిమ్మచెక్క చేతిలో పట్టుకునే నన్ను పైకీ కిందికీ చూశాడు. "పోన్లెండి, జొరమా?" అన్నాడు పాపం. మొదటి వారం నిజంగానే జ్వరం నోటికి తాగినట్టే ఉంది. గ్యాసు ముక్కులోకి ఎక్కి కళ్లలో నీళ్లు తిరగడం, చేతిలో చల్లటి గ్లాసు, పది నిమిషాలు కుర్చీ వదిలి రావడం, నాకు కావాల్సింది సగం ఇదేనని అక్కడే తెలిసింది.

పంచదార లేని కూల్‌డ్రింకు కూడా నెల రోజులు తాగాను. తప్పుపట్టను, ఒడ్డు దాటడానికి పడవలా వాడుకోవచ్చు. కానీ నా విషయంలో ఆ సీసా వస్తే వెనకాలే ప్యాకెట్ కూడా వచ్చేసేది.

ఉప్పు లెక్క చూసుకోవాలంటే ప్యాకెట్ మీద సోడియం అని ఉన్నదాన్ని రెండున్నరతో హెచ్చించండి. 800 మి.గ్రా. సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉండాలంటారు, అంటే సుమారు ఒక టీ చెంచా. స్వీటు షాపులో తూకానికి కొన్న మిక్చరు మీద ఏ లెక్కా ఉండదు, అదే ఎక్కువ తింటాం. ఇంకో మాట, తక్కువ సోడియం ఉప్పు అని దొరికేదాంట్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ, బీపీ మందులు వాడేవాళ్లూ డాక్టర్ని అడక్కుండా దాని జోలికి పోవద్దు.

మధ్యలో జారిపడలేదనుకోకండి. అమలాపురంలో మా బావమరిది కొడుకు పెళ్లిలో మూడు సీసాలు తాగాను, జంతికలకి లెక్కే లేదు. మర్నాడు సోమవారం మామూలుగా ముంత మసాలా దగ్గరికొచ్చేశాను. తప్పు చేశానని వారం రోజులు ఏడుస్తూ కూర్చుంటే ఆ ఏడుపుకి ఇంకో ప్యాకెట్ తినాల్సొస్తుంది.

నాలుగు నెలలకి బీపీ 132/84, మూడు నెలల షుగరు 5.8, బరువు 84 నుంచి 79కి వచ్చింది. పొద్దున్నే నడక కూడా మొదలెట్టాను కాబట్టి అంతా దీని గొప్పే అనను. నాలుక మారడానికి రెండు నెలలు పైనే పట్టింది. ఆఫీసులో ఎవరో నేను ఇదివరకు తినే మిక్చరే పెడితే గుప్పెడు నోట్లో వేసుకున్నాను. ఉప్పు కషాయం! మింగలేక కిటికీలోంచి ఉమ్మేస్తే కింద కిళ్లీ కొట్టాయన తలెత్తి చూశాడు.

మీ అత్తగారు పంపిన చేగోడీల డబ్బా ఇంట్లో ఉందన్నారు కదా, అది మాత్రం పారేయకండి. పక్కింటి పిల్లలకి సగం పంచేసి, మిగతాది అటక మీద పెట్టించండి. స్టూలు వేసుకుని ఎక్కాలి, ఇంట్లో అందరూ చూస్తుంటారు.