లివర్ దెబ్బతిన్నవారిలో లాక్టేట్ ఎందుకు త్వరగా దిగదు?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. కొన్నేళ్లుగా సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉంది. ఈమధ్య పొట్టలోని నీటికి ఇన్ఫెక్షన్ వచ్చి, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే స్థితి) అయిందని ఐసీయూలో పెట్టారు. మొదటి రోజు రక్తంలో లాక్టేట్ 5.6. మర్నాడు 4.4. మూడో రోజు 3.7. అప్పటికి బీపీ పడిపోకుండా ఇచ్చే మందు తగ్గించారు, మూత్రం వస్తోంది, అమ్మ మాట్లాడుతోంది. పక్క బెడ్‌లో ఉన్న పెద్దాయనకు మాత్రం ఒక్క రోజులోనే 6 నుంచి 2 లోపుకు వచ్చేసింది. ఒక డాక్టర్‌ గారు ‘లివర్ వల్లే, కంగారు పడకండి’ అన్నారు. ఇంకొకరు ‘లాక్టేట్ దిగకపోతే ప్రమాదం’ అన్నారు. అమ్మ ఇంటికి వచ్చేసింది గానీ ఆ టెన్షన్ ఇంకా పోలేదు. ఎవరి మాట నిజం? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మగారు ఇంటికి చేరినందుకు చాలా సంతోషం. ఇద్దరు చెప్పిందీ నిజమే. అయితే ఆ రెండింట్లో ఏది ముందు ఆలోచించాలి, ఏది తర్వాత అన్నదే అసలు విషయం.

కణాలు గ్లూకోజ్‌ను విరగ్గొట్టినప్పుడు పుట్టే పదార్థమే లాక్టేట్. అది విషమేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా కండరాలు, చర్మం, మెదడు, ఎర్ర రక్తకణాలు దాన్ని పగలూ రాత్రీ తయారు చేస్తూనే ఉంటాయి. 70 కిలోల మనిషిలో రోజుకు దాదాపు 1,500 మిల్లీమోల్స్ తయారవుతుంది. అయినా రక్తంలో లీటరుకు 2 మిల్లీమోల్స్ దాటదు. తయారైంది తయారైనట్టే ఖర్చయిపోతుంది కాబట్టి. ఆ ఖర్చులో సగానికి పైగా లివర్‌దే, కిడ్నీలది దాని తర్వాతి వాటా. లివర్ ఈ లాక్టేట్‌ను మళ్లీ గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి వదులుతుంది. 1947లో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ కోరి, గెర్టీ కోరి దంపతుల పేరు మీదే దీన్ని కోరి చక్రం అంటాం.

సెప్సిస్‌లో రెండు వైపులా దెబ్బ పడుతుంది. బీపీ పడిపోయి కణాలకు ఆక్సిజన్ చాలక లాక్టేట్ పెరుగుతుందని చాలామందికి తెలుసు. ఆక్సిజన్ సరిపడా ఉన్నా కూడా పెరుగుతుందన్నది అంతగా తెలియదు. ఒంట్లో అడ్రినలిన్ పోటెత్తి కండరాలు గ్లూకోజ్‌ను అతి వేగంగా విరగ్గొడతాయి, దాంతో లాక్టేట్ పుట్టుకొస్తుంది. మరోవైపు లివర్‌కు రక్తం తగ్గుతుంది, దాని కణాలు మందగిస్తాయి. అమ్మగారి విషయంలో ఆ లివర్ ముందే దెబ్బతిని ఉంది. పనిచేసే కణాలు తక్కువ, పైగా పేగుల నుంచి వచ్చే రక్తంలో కొంత లివర్‌లోకి పోకుండా పక్కదారుల్లో వెళ్లిపోతుంది. చెరువు మట్టం ఒక్కటే చూస్తే వాగు ఇంకా పారుతోందో, తూము పూడిపోయిందో తెలియదు. రిపోర్టులోని లాక్టేట్ కూడా అంతే. ‘లాక్టేట్ క్లియరెన్స్ ఇంత శాతం’ అని ఐసీయూలో లెక్కేసేది నిజానికి మట్టం ఎంత తగ్గిందన్నదే. అందుకే పక్క బెడ్ పెద్దాయన అంకెతో అమ్మగారి అంకెను పోల్చడం న్యాయం కాదు.

ఇంతవరకూ మొదటి డాక్టర్‌ గారి మాట సమర్థించాను. ఇక రెండోది. సిర్రోసిస్ ఉన్నా నిలకడగా ఉన్న మనిషిలో లాక్టేట్ మామూలుగానో, కాస్త ఎక్కువగానో ఉంటుంది. ఊరికే 5.6కు వెళ్లదు. కాబట్టి మొదటి రోజే ‘లివర్ వల్లే’ అనేస్తే నాకు భయం. ఆ మాట చాటున పొట్టలో ఇన్ఫెక్షన్ అదుపు కాకపోవడం, లోపల రక్తస్రావం, పేగుకు రక్తం అందకపోవడం దాక్కోవచ్చు. యాంటీబయాటిక్ పనిచేస్తోందా, పొట్టలోంచి తీసిన నీటిలో తెల్లకణాలు తగ్గాయా, హిమోగ్లోబిన్ నిలకడగా ఉందా అన్నవన్నీ చూశాకే, చిట్టచివర లివర్ మీదకు వెళ్లాలి. లివర్ జబ్బు ఉన్నవారిలోనూ లాక్టేట్ ఎంత ఎక్కువైతే ముప్పు అంత ఎక్కువ. లివర్ ఉంది కదా అని ఆ అంకెను కొట్టిపారేయకూడదు.

నేను రౌండ్స్‌లో మంచం దగ్గరకు వెళ్లగానే ముందు దుప్పటి తీసి మోకాళ్లు చూస్తాను. చర్మం మీద ఊదారంగు మచ్చలు వలలా అల్లుకుని ఉంటే రక్తం అందడం లేదని అర్థం. తర్వాత వేలి కొసను 10 సెకన్లు గట్టిగా నొక్కి వదిలేస్తాను. 3 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. 2019లో వెలువడిన ఆండ్రోమెడా షాక్ అనే అధ్యయనంలో కొందరికి లాక్టేట్ చూసి, మరికొందరికి ఇలా వేలు నొక్కి చూసి వైద్యం చేశారు. వేలు నొక్కి చూసినవారి ఫలితాలు ఏమాత్రం తీసిపోలేదు. లివర్ పాడైనవారి దగ్గర ఈ పరీక్ష నాకు మరీ విలువైనది. దీనికి లివర్‌తో పని లేదు.

వేలి రంగు వెంటనే వస్తోంది, మూత్రం వస్తోంది, మనిషి తెలివిలో ఉంది, బీపీ మందు తగ్గుతోంది, లాక్టేట్ మెల్లగా అయినా దిగుతోంది. వేలి రంగు సంగతి మీరు రాయలేదు గానీ, మిగతావన్నీ అమ్మగారి మూడో రోజు ఉన్నవే. అలాంటప్పుడు అంకెను 2కు దించాలని సెలైన్ మీద సెలైన్ ఎక్కిస్తే నీరు పొట్టలోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది. మీ డాక్టర్లు అలా ఎక్కించకుండా ఆగి ఉంటే మంచి పని చేశారు. అదే అంకె దిగడం ఆగిపోయి మళ్లీ పైకి లేస్తే, 3.7 నుంచి 4.5 అయినా సరే, లివర్ పేరు చెప్పి ఊరుకోకూడదు.

ఈ ఇన్ఫెక్షన్ మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. రాకుండా రోజూ వేసుకోమని యాంటీబయాటిక్ రాసి ఉంటే మానకండి, రాయకపోతే అడగండి. జ్వరం, పొట్టనొప్పి, మాట తడబడటం, పగలు మత్తుగా నిద్రపోవడం వీటిలో ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగొద్దు, ఆ రాత్రే తీసుకెళ్లండి.

ప్రశ్న: లాక్టేట్ ఎక్కువగా ఉందంటూనే మా నాన్నగారికి రింగర్ లాక్టేట్ (సెలైన్‌లా నరంలోకి ఎక్కించే ద్రావణం) సీసా పెట్టారు. అది తప్పు కాదా? – మరో పాఠకుడు

జవాబు: తప్పు కాదు. ఆ సీసాలో ఉండేది సోడియం లాక్టేట్, లాక్టిక్ ఆసిడ్ కాదు. ఒంట్లో అది ఖర్చయ్యేకొద్దీ ఆసిడ్‌ను తగ్గించే బైకార్బనేట్ మిగులుతుంది. లీటరులో ఉండే సుమారు 28 మిల్లీమోల్స్, ఒళ్లు రోజూ తయారుచేసే దాని ముందు చాలా తక్కువ. లివర్ పూర్తిగా విఫలమైనవారిలో మాత్రం రిపోర్టులోని అంకెను కాస్త పెంచి గందరగోళం చేయగలదు. అలాంటివారికి లాక్టేట్ లేని వేరే ద్రావణం వాడతాం.